ఒత్తులు లేని మనవి

నమోదు 118, సోమవారం

రిలే ఉపగ్రహం వేళకే దాటింది. మెయిళ్ళ మూట పంపాను, వచ్చిన మూట విప్పి పంచాను. ఆంటెనా మీద పేరుకున్న మంచు గీకించాను. రూలు ప్రకారం పైడిలంక మెయిలు గది నమోదులో ఇంతవరకే రాయాలి. కానీ దీన్ని చదివే నాథుడు లేడని నాకు బాగా తెలుసు. కాబట్టి చోడిశెట్టి నూకరత్నం అనే నేను మిగతాది కూడా రాస్తాను.

మా ఆడపడుచు సత్యవేణి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. మా ఆయన గంగరాజు గారికి ఒక్కగానొక్క చెల్లెలు. నలభై నాలుగేళ్ళ మనిషి. నలుగురిలో నోట్లో నాలుక లేనట్టే ఉంటుంది గానీ, తోటలో అడుగుపెట్టిందంటే పొట్లతీగతో కూడా పోట్లాడుతుంది. పైడిలంక తోట మొత్తం ఆమె చేతి మీదే నడుస్తోంది. శని చుట్టూ తిరిగే ఈ మంచు ముక్క మీద, అసలు మట్టే లేని చోట, మంచు కరిగించిన నీళ్ళలో వేళ్ళు వేలాడేసి, బీర, ఆనప, వంగ, గోంగూర పండిస్తుంది.

పండిస్తుంది సరే, తినేవాళ్ళేరి? వంటపెట్టె వచ్చిన దగ్గర్నుంచి జనమంతా దాని ముందే బారులు తీరుతున్నారు. దాంట్లో 'బీరకాయ రుచి' అని ఒక మీట ఉంది. అది నొక్కితే వచ్చే పదార్థాన్ని బీరకాయ అన్నందుకు బీరకాయలన్నీ కలిసి పరువునష్టం దావా వెయ్యాలి. మా లంక పెద్ద బులివీర్రాజు గారు మాత్రం దాని మీద మనసు పారేసుకున్నారు. నెలాఖరుకి తోట తీసేసి ఆ గదిలో నీటి పంపులు పెడతారట. మొక్కలన్నీ రుబ్బుడు యంత్రంలోకి వెళతాయి.

అలాంటి సమయంలో ఒక ప్రకటన వచ్చింది. శని చందమామల్లో పెద్దదైన టైటన్ మీద, అక్కడి సముద్రంలో తిరిగే తరంగిణి అనే ఓడకి తోటమాలి కావాలి. ఓడలో అందరూ తెలుగువాళ్ళే కనుక దరఖాస్తు తెలుగులోనే రాయాలి. ఎంపికైనవారు తమ మొక్కలుంటే వెంట తెచ్చుకోవచ్చు. ఆ చివరి ముక్క చదివి సత్యవేణి నా చెయ్యి పట్టుకుంది.

"ఒదినా, ఇది రాకపోతే నా మొక్కలు పచ్చడైపోతాయి."

"వస్తుందిలేవే. ఏ ఫైలుగా పంపమంటావు?"

"అది నన్నడుగుతావేంటి? మెయిలు గదిలో కూర్చుని జీతం పుచ్చుకునేది నువ్వు కదా!"

నిజమే. ఆలోచించి వర్డ్ ఫైలుగా పంపాను. మనుషులు గ్రహాలు దాటారు గానీ ఈ ఫైళ్ళ పేర్లు మా ముత్తవ్వల నాటివే. ఎక్కడైనా తప్పు దొర్లితే అక్కడి ఆఫీసరే దిద్దుకుంటాడు కదా అనుకున్నాను. వర్డ్ ఫైలంటే తలుపులు తీసిపెట్టిన ఇల్లు, ఎవరైనా లోపలికొచ్చి సామాను సర్దవచ్చు.

నమోదు 121, గురువారం

టైటన్ నుంచి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను.

"మీ ఆచారాల మీద మాకు గౌరవం ఉంది. అయితే ఓడలో బలులకు అనుమతి లేదు. దయచేసి ఏ జంతువులను బలి ఇచారో, ఎపుడు ఇచారో చెపండి."

నేను చదివి వినిపించగానే సత్యవేణి చేతిలో ఉన్న గోంగూర కట్ట కిందపడింది. ఇక్కడ బరువు తక్కువ కనుక అది పడడానికి కూడా తీరిగ్గా పడింది.

"బలులేంటి ఒదినా! నేను చీమని కూడా తొక్కనే!"

మా ఆయన అప్పుడే షిఫ్టు దిగి వచ్చారు. ఆయన మంచుకోత యంత్రం నడుపుతారు, ఖాళీ సమయమంతా పంచాంగం చదువుతారు. "చెప్పాను కదా, శనిగ్రహం చుట్టూ తిరుగుతూ మంచి జరగమంటే జరుగుద్దా? ఏలినాటి శని అంటే ఏడున్నరేళ్ళే. మనం కాపురమే పెట్టాం" అన్నారు. పైడిలంక కట్టిన కొత్తల్లో పెద్దలు వారంలోంచి శనివారాన్ని తీసేశారు. కిటికీ తీస్తే పసుపుపచ్చగా, గుండ్రంగా, చుట్టూ చక్రంతో ఆయనే కనిపిస్తుంటే మళ్ళీ ఆయనకో రోజెందుకని. అప్పట్నుంచి మాకు వారానికి ఆరు రోజులే.

నేను ఆ జవాబుని మళ్ళీ చదివాను. 'ఇచారో' ఏమిటి, 'చెపండి' ఏమిటి? చదువుకున్న వాళ్ళు రాసే రాతేనా ఇది? అప్పుడు తట్టింది. వాళ్ళ యంత్రంలో తెలుగు అక్షరాలున్నాయి గానీ ఒత్తులు లేవు! దాన్ని తయారుచేసిన మహానుభావుడెవరో గుణింతాల దాకా వచ్చి భోజనానికి లేచి ఉంటాడు. మనం ఏం పంపినా అక్కడ ఒత్తులన్నీ రాలిపోయి కనబడుతున్నాయి.

సత్యవేణి దరఖాస్తు తీసి చూశాను. "మందులు వాడకుండా ఇరవై బల్లులతో పురుగులను అదుపులో పెట్టాను" అని రాసింది. నిజమే, తోటలో బల్లుల్ని పెంచుతుంది. ఒత్తు రాలాక అది టైటన్ చేరేసరికి, మా ఆడపడుచు ఇరవై బలులిచ్చి పురుగుల్ని శాంతింపజేసింది.

కడుపుబ్బ నవ్వాను. ఆమె ముఖం చూసి మళ్ళీ ఆపుకున్నాను.

నమోదు 123, ఆదివారం

ఈసారి ఫొటో పంపాను. అక్షరాల్ని బొమ్మగా పంపితే ఒత్తులు ఎక్కడికి పోతాయి? సత్యవేణి చేత కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాయించి, వెలుతురులో పెట్టి తీశాను. చాలా అందంగా వచ్చింది. మెయిలు మూటలో సగం బరువు అదే అయింది కనుక బులివీర్రాజు గారి అల్లుడి పుట్టినరోజు వీడియో వెనక్కి ఆగిపోయింది. దానికి ఆయన నా మీద కారాలు మిరియాలు నూరారు.

నమోదు 125, మంగళవారం

"మీరు పంపినది బొమ. బొమలు మేము చదవలేము. పతం ఖాళీ."

పతమట, పతం! పత్రం అనడానికి కూడా వీల్లేని వాళ్ళు ఉద్యోగాలిస్తున్నారు. అక్కడ దరఖాస్తుల్ని ముందుగా చూసేది మనిషి కాదు, యంత్రం. దానికి మాటలు కావాలి, బొమ్మలు కనబడవు. మాటలు దొరికిన దరఖాస్తుల్నే మనిషి ముందు పెడుతుంది.

సత్యవేణి తోటలోకి వెళ్ళి బీరతీగకి ఊతం కడుతూ కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. పచ్చి ఆకు వాసన వస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఈ గదిలో పంపులు పెడతారన్న ఊహకే నాకు ఒళ్ళు మండింది.

"ఒదినా, నీకు పనెక్కువైపోతోంది. పోనీ వదిలెయ్."

"నోరుమూసుకో. మూసిన ఫైలు ఒకటుంది కదా, పీడీఎఫ్. అది ఇంకా మిగిలే ఉంది."

నమోదు 126, బుధవారం

పీడీఎఫ్ సంగతి ముందే తట్టాల్సింది. అది తన అక్షరాల్ని తనే మూటగట్టుకుని వెళుతుంది. అక్కడ ఒత్తులున్నా లేకపోయినా దానికి బెంగ లేదు. ఇక్కడ ఎలా కనబడితే అక్కడా అలాగే కనబడుతుంది. యంత్రానికి మాటలూ దొరుకుతాయి. కాకపోతే దాన్ని మెయిలు గది సీలు వేసి పంపాలి, సీలు వేశాక ఎవరూ ముట్టుకోకూడదు.

సత్యవేణి మళ్ళీ శ్రద్ధగా రాసింది. నేను సీలు వేశాను. బల్లులన్నీ ఒత్తులతో సహా భద్రంగా ఉన్నాయి. పంపేశాను. మనసు కుదుటపడింది. మా ఆయనకి ఆనపకాయ పులుసు పెట్టాను, మారు అడిగారు.

నమోదు 129, ఆదివారం

"సీలు వేసిన తరువాత నాలుగు మూలలా ఏదో చేరింది. రంగు పసుపు. ఇది మోసం కావచు. విచారణ అయేదాకా మీ గది మూసిన ఫైలు పంపరాదు, తెరవరాదు."

పసుపు నేనే పెట్టాను. ఇక్కడినుంచి వెళ్ళే ప్రతి శుభలేఖకీ, ప్రతి మంచి మెయిలుకీ నాలుగు మూలలా పసుపు చుక్కలు పెట్టి పంపడం నా అలవాటు. మా అమ్మ పెళ్ళి కార్డులకి పెట్టేది, నేను ఫైళ్ళకి పెడతాను. దానికోసం నా తెర మీద ఒక మీట కూడా చేయించుకున్నాను. సీలు వేసి, కళ్ళకద్దుకోగానే వేలు దానంతటదే ఆ మీట మీదకి పోయింది. పసుపుని పట్టుకుని మోసమంటారా వీళ్ళు! మంగళప్రదమైన వస్తువుని!

ఎంత కోపగించుకున్నా తప్పు నాదే. సత్యవేణికి చెప్పడానికి తోటలోకి వెళ్ళాను. నా ముఖం చూసే గ్రహించినట్టుంది.

"పసుపు పెట్టావా?"

"పెట్టానే."

ఆమె నవ్వింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వింది.

"నా పెళ్ళికి కూడా ఇంత పసుపు ఖర్చవలేదొదినా" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. ఆవిడే నన్ను ఊరుకోబెట్టాల్సి వచ్చింది.

నమోదు 130, సోమవారం

ఇక మిగిలింది సాదా టెక్స్ట్ ఫైలు. దానికి సీలు అక్కర్లేదు, అనుమతి అక్కర్లేదు. ఉత్త అక్షరాలు. కానీ అక్కడికి చేరేసరికి మళ్ళీ ఒత్తులు రాలిపోతాయి, మళ్ళీ బలులు మొదలవుతాయి. గడువు ఈ సాయంత్రం దాటే రిలేతో సరి.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ముగ్గురం తలలు పట్టుకున్నాం. సత్యవేణి అన్నం కెలుకుతూ, "రాలిపోతాయని తెలిసి ఒత్తులు పంపడం ఎందుకు? అసలు లేకుండా రాసేద్దాం" అంది.

"ఒత్తుల్లేకుండా తెలుగెలా రాస్తావే? అక్క లేదు, అన్న లేడు, అమ్మా లేదు!"

"అమ్మని రాయక్కర్లేదుగా. తోట గురించి రాస్తే చాలు."

కూర్చున్నాం. నా జన్మలో ఇంత సరదాగా ఏ కాగితమూ రాయలేదు. మొదటి మాటకే అడ్డం పడింది, నమస్కారానికి ఒత్తుంది. మా ఆయన "దండాలు" అన్నారు. ఉద్యోగం కుదరదు, కొలువు అన్నాం. మొక్కలు వద్దు, తీగలు. నీళ్ళు వద్దు, నీరు. విత్తనాలు వద్దు, గింజలు. సంవత్సరాలు తీసేసి ఏడాదులు పెట్టాం. వంకాయకీ బీరకాయకీ గోంగూరకీ ఏ ఇబ్బందీ లేదు, ఆ కాయగూరల మీద నాకు గౌరవం పెరిగింది. బచ్చలికూరని మాత్రం బయట నిలబెట్టాల్సి వచ్చింది.

బల్లుల దగ్గర ఆగిపోయాం.

"తొండలని రాసేద్దాం" అన్నాను.

"తొండ వేరు, బల్లి వేరు. నేను తొండల్ని పెంచలేదు. అబద్ధం రాయను."

"ఓసి నీ దుంపతెగ! ఎవరొచ్చి చూస్తారే?"

"నేను చూస్తానుగా రోజూ."

అప్పటిదాకా పులుసు జుర్రుకుంటున్న మా ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి పంచాంగం తెచ్చారు. బల్లి మీద పడితే ఏ ఫలితమో చెప్పే పేజీ తీసి మా ముందు పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో 'గౌళి' అని ఉంది.

"బల్లికి శాస్త్రంలో పేరిది. గౌళి. ఒత్తు లేదు చూసుకోండి. ఇన్నాళ్ళూ ఈ పుస్తకం చదూతున్నానని నన్ను ఎగతాళి చేశారు కదా!"

ఆయన్ని అంత గర్వంగా చూసి చాలా కాలమైంది. పెళ్ళినాడు కూడా అంత లేదు.

ఆఖరున పేరు మిగిలింది. సత్యవేణి. 'త్య' ఉంది. అలాగే పంపితే అక్కడ సతవేణి అవుతుంది, ఎవరో తెలియని మనిషి అవుతుంది.

"వేణి అని రాసెయ్" అంది.

"పరవాలేదా?"

"నన్నెప్పుడూ ఎవరూ అలా పిలవలేదు" అంది. "బాగానే ఉంది, ఒదినా. తేలిగ్గా ఉంది."

పంపింది ఇది:

"మీకు దండాలు. నా పేరు వేణి. వయసు నలభైనాలుగు. నాకు తోట పని తెలుసు. పదకొండు ఏడాదులుగా పైడిలంక తోట నాది. ఇది నేల లేని చోటు. అయినా వంకాయ, బీరకాయ, ఆనపకాయ, గోంగూర పండించాను. మందులు వాడలేదు. పురుగులను ఇరవై గౌళులు తినేవి. గింజలు నేనే దాచాను. నీరు ఒలకనీయలేదు. తీగ వాడితే నాకు కూడు సహించదు. ఈ తోటను ఇక తీసివేయాలని మా లంక వారి ఆలోచన. ఈ కొలువు నాకు కావాలి. నా తీగలతో పాటు నేనూ రాగలను. దయచేయండి. మీ వేణి."

బిగ్గరగా చదివాను. మొదట రాసిన దరఖాస్తులో 'విశేష అనుభవం', 'అంకితభావం' అని ఏవేవో ఉండేవి. అవన్నీ ఒత్తులతో పాటే పోయాయి. ఇందులో ఉన్నది అచ్చంగా మా ఆడపడుచే. పంపేటప్పుడు నా వేలు పసుపు మీట వైపు పోకుండా ఆమే నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

నమోదు 134, శుక్రవారం

జవాబు వచ్చింది. మూసిన ఫైలుగా వచ్చింది!

మా గదికి మూసిన ఫైళ్ళు తెరిచే అనుమతి లేదు కదా. నొక్కితే ఎర్ర దీపం వెలుగుతోంది. "విచారణ" అంటుంది, ఆరిపోతుంది. తరంగిణి వాళ్ళు పంపినది నా కళ్ళ ముందే ఉంది. రమ్మన్నారో, వద్దన్నారో మాత్రం తెలియదు. మళ్ళీ టెక్స్ట్‌గా పంపమని అడిగాను. దానికి జవాబు లేదు. టైటన్ రిలే శనిగ్రహం వెనక్కి వెళ్ళిపోయింది, వచ్చే వారం దాకా రాదు.

బులివీర్రాజు గారి దగ్గరికి వెళ్ళి, తోట పని ఒక్క వారం ఆపమని అడిగాను.

"అమ్మా నూకరత్నం, పంపులు వచ్చేసి రేవులో పడున్నాయి. రేపొద్దున్నే పని మొదలు. ఆ ఫైల్లో ఏముందో నీకూ తెలీదు, నాకూ తెలీదు. దాన్ని నమ్ముకుని నేను పని ఆపితే జనం నన్నంటారమ్మా" అన్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. మర్యాదగానే చెప్పారు.

వచ్చి సత్యవేణికి చెప్పాను. తల ఊపింది. తర్వాత ఒక్కొక్క తీగనీ ఊతం నుంచి విప్పడం మొదలెట్టింది, యంత్రాల వాళ్ళు లాగితే తెగిపోతాయని. రుబ్బుడులోకి పోయేవాటికి ఈ సేవంతా ఎందుకే అని అడగబోయి నోరు నొక్కుకున్నాను. నేనూ విప్పాను.

నమోదు 135, ఆదివారం

రిలే లేదు. మెయిళ్ళు లేవు. ఇదంతా సాయంత్రం కూర్చుని రాస్తున్నాను, చేతులకి ఇంకా ఆకు పసరు అంటుకునే ఉంది.

పొద్దున్నే బళ్ళు వచ్చాయి. మొదటి బండిలోకి వంగ, గోంగూర ఎక్కించారు. సత్యవేణి బల్లులన్నిటినీ ఒక డబ్బాలో పెట్టుకుని ఆ బండి పక్కనే నడిచింది, ఒక చెయ్యి ఆకుల మీద వేసి. నేను చూడలేక మెయిలు గదికి వచ్చేశాను. కుర్చీలో కూర్చున్నాను గానీ ఏ పనీ చేతకాలేదు.

రేవు స్పీకరు మా గదిలోకి వినబడుతుంది. ఎవరో పడవ కట్టినట్టు చప్పుడైంది. కొత్త గొంతు.

"వేణి గారి కోసం వచ్చామండీ."

"వేణి ఎవరండీ?" పంపులు దింపించే హడావుడిలో ఉన్న బులివీర్రాజు గారి గొంతు.

"తోట చూసే ఆవిడ. జవాబు కూడా ముందే పంపాం కదండీ."

"వేణి అనే మనిషి మా లంకలో లేదండీ. తోట చూసేది సత్యవేణి. మీరు వేరే లంక చూసుకోండి, పక్కన కొత్తపాలెం ఉంది."

"అయ్యో, అలాగా అండీ? సరేనండీ, అక్కడ అడుగుతాం."

నేను లేచి పరుగెత్తాను. ఇక్కడ పరుగంటే గెంతడమే, గెంతితే తల పైకప్పుకి తగులుతుంది. రెండుసార్లు తగిలింది. రేవుకి వెళ్ళే దారీ రుబ్బుడు యంత్రానికి వెళ్ళే దారీ కలిసే మూల దగ్గరికి వచ్చేసరికి బండి అక్కడే ఉంది. తోసేవాళ్ళు దాన్ని యంత్రం వైపు తిప్పుతున్నారు. అవతల రేవు తలుపు దగ్గర తరంగిణి మనిషి, యాభై ఏళ్ళ బక్కపలచటి ఆయన, పడవలోకి కాలు పెడుతున్నాడు. బులివీర్రాజు గారు ఆయనకి కొత్తపాలెం దారి చూపిస్తున్నారు.

ఆగండి అని అరవబోయాను. ఆయాసంతో గొంతు రాలేదు.

సత్యవేణి అరిచింది. నేను కాపురానికొచ్చి పాతికేళ్ళు, ఆమె గొంతెత్తగా ఏనాడూ వినలేదు. రేవంతా తిరిగి చూసింది. బండి తోసేవాళ్ళు కూడా నిలబడిపోయారు.

"నేనేనండీ వేణిని!" అంది. తర్వాత బండి అంచు పట్టుకుని, తోసేవాళ్ళ వైపు తిరిగి, మామూలు గొంతుతో చెప్పింది.

"బండి ఇటు తిప్పండి."

తిప్పారు.